ప్రకృతిహత్యయు గ్రామపంచాయతియు

2021వ సంవత్సరము జూను మాసమున పండ్రెండుగురు న్యాయకోవిదులు కూడి యొక వాక్యమును రచించి లోకమునకు సమర్పించిరి. ఇంగ్లండునందు ప్రసిద్ధుడగు ఫిలిప్ సాండ్సుగారును, సెనెగల్ దేశమున ప్రభుత్వపక్షమున నేరవిచారణలు నడపిన దియోర్ ఫాల్ సోగారును ఆ సంఘమునకు అధ్యక్షత వహించిరి. హేగు నగరమునందలి అంతర్జాతీయ నేరన్యాయస్థానము విచారింపదగిన నేరములు నేటికి నాలుగే: జాతిహత్య, మానవత్వమునకు విరుద్ధమైన నేరములు, యుద్ధనేరములు, దురాక్రమణము. ఐదవదిగా 'ఎకోసైడు' అను నేరమును చేర్చవలెనని వారి యాశయము. దానికి మేమీ వ్యాసమున ప్రకృతిహత్య యని పేరిడుచున్నాము. వారి వాక్యపు సారమును తెలుగున చెప్పవలెనన్న నిట్లుండును: పరిసరప్రకృతికి తీవ్రమైన నష్టము, అదియు విశాలముగ వ్యాపించునదిగాని దీర్ఘకాలము నిలుచునదిగాని, కలుగుట మిక్కిలి సంభావ్యమని యెరిగియుండియు, చట్టవిరుద్ధముగనో విచ్చలవిడిగనో చేసిన పని ప్రకృతిహత్య.

ఈ వాక్యము కాగితముమీదనే నిలిచిపోలేదు. 2024 సెప్టెంబరులో వనువాటు, ఫిజీ, సమోవా అను పసిఫిక్ ద్వీపరాజ్యములు మూడును దీనిని ఆ న్యాయస్థానపు శాసనమున చేర్పుడని కోరినవి. సముద్రము పొంగి తమ నేలను మ్రింగునను భయముతో బ్రతుకుచున్న దేశములు గనుక వారి తొందరను మన మర్థము చేసికొనవచ్చును. అదే సంవత్సరమున బెల్జియము తన శిక్షాస్మృతిలో నిట్టి నేరమునకు స్థానమిచ్చినది. భారతదేశ మా న్యాయస్థానపు ఒడంబడికలో చేరలేదు. చేరియున్నను ఆ న్యాయస్థానము వ్యక్తులనే విచారించును గాని కంపెనీలను విచారింపదు. అయినను నీ వాక్యము నేడు దేశదేశముల శాసనకర్తల బల్లలమీద నున్నది. రేపు మన శాసనసభలలో నిట్టి చట్టము చర్చకు వచ్చినచో దీనినే మాతృకగా పెట్టుకొందురనుట నిశ్చయము. కావున నిప్పుడే దీనిని పరీక్షించుట యుచితము. కావ్యమునందొక పదము జారినచో రసభంగము మాత్రము కలుగును. శాసనమునందు జారినచో నొక యూరి బావి పోవును.

మొదట పేరును గూర్చి రెండు మాటలు. ఈ పదమును 1970లో ఆర్థర్ గాల్‌స్టన్ అను అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు కల్పించెను. వియత్నాము యుద్ధమున అమెరికా సేనలు విమానములనుండి విషద్రవములు చల్లి అడవుల ఆకు రాల్చుచుండగా, తన శాస్త్రము ఇట్టి పనికి తోడ్పడినదే యని కలతచెంది యాత డీ పేరు పెట్టెను. గ్రీకుభాషలో 'ఓయికోస్' అనగా ఇల్లు. లాటినునుండి వచ్చిన ఉత్తరపదమునకు చంపుట యని యర్థము. అక్షరార్థమున చూచినచో నిది గృహహత్య. ఇల్లు దిద్దుకొనువారికి ఈ వ్యుత్పత్తి యెక్కువ వివరణము లేకయే బోధపడును. ఇంటిలోని వస్తువును దొంగిలించుట వేరు, ఇంటినే నివాసయోగ్యము గాకుండ చేయుట వేరు.

మన ప్రాచీనులకును ఈ భేదము తెలియకపోలేదు. నీరు నిలిచియున్న చెరువుకట్టను తెగగొట్టినవానిని అక్కడనే నీట ముంచవలెనని కౌటిల్యుడు విధించినాడు. మనువును తటాకభేదకునకు మరణదండనమే చెప్పినాడు. ఆ దండనములు మనకు వలదు. చెరువునకు ప్రాణమిచ్చి చెరువునొద్దకు రానీయకుండ మనుష్యులను దూరము పెట్టిన ఆ సంఘమును మరల తెచ్చుకొనుమని యెవ్వరును మమ్మడుగకుందురు గాక. కాని ఒక విషయము మాత్రము గ్రహింపదగియున్నది. వారు చెరువు చెరచుటను ఋణమువలె, పరిహారముతో తీరిపోవు వ్యవహారముగా చూడలేదు; నేరముగా చూచిరి. మరియు తెలుగుగ్రామములందు చెరువును కనిపెట్టి యుండుటకు నీరుగంటి యుండెడివాడు. కట్టకు బొరియ పడినను, తూము చెడినను మొట్టమొదట చూచువాడు ఆతడే. ఊరికి చెప్పువాడును ఆతడే. శిక్షించు రాజు ఎంతదూరముననున్నను చూచు కన్ను కట్టమీద నుండెను.

పండ్రెండుగురి వాక్యమున మేము వెదకి కానలేకపోయినది ఈ నీరుగంటినే.

వారి వాక్యమునందలి గుణములను ముందుగా నొప్పుకొందము. ఇంతకుముందు హేగు శాసనమున ప్రకృతినష్టము యుద్ధకాలమున మాత్రమే నేరము. శాంతికాలమున నెంత విధ్వంసము చేసినను ఆ శాసనమునకు పట్టదు. ఈ వాక్యమా హద్దును తొలగించినది. నష్టము తీవ్రమై యుండవలెనని చెప్పుచు, విశాలత, దీర్ఘకాలము అను రెంటిలో నొక్కటి చాలునన్నది. ఒక చిన్న లోయలో మూడు తరములు నిలుచు విషము దేశమంతట వ్యాపింపనక్కరలేదు. ఇది మంచి వివేకము. మనుష్యులకు హాని కలిగినట్లు నిరూపింపబడకున్నను ప్రకృతికి కలిగిన హానియే చాలునన్నదియు మెచ్చదగినదే.

'విచ్చలవిడి' యను మాటకు వారు చేసిన వ్యాఖ్య మాత్రము మాకు నచ్చలేదు. కలుగబోవు సాంఘికార్థిక లాభములతో పోల్చినపుడు నష్టము స్పష్టముగ మితిమీరియుండునని తెలిసియు లెక్కచేయకుండుట విచ్చలవిడితనమట. ఇచ్చట నొక త్రాసు తెచ్చి పెట్టిరి. త్రాసు పట్టువా డెవడు? లాభము పోవుచోటు వేరు, నష్టము దిగుచోటు వేరు. లాభము పట్టణములందలి వాటాదారులకు, పన్నుల రూపమున రాజధానికి, ఉద్యోగముల రూపమున చుట్టుప్రక్కల కొందరికి పోవును. నష్టము బావి యొక్కదానిలో దిగును. రెండు తట్టలును ఒకేచోట వ్రేలాడనపుడు తూచుట యెట్లు? రాజధానిలో తూచినచో నెప్పుడును లాభమే బరువుగా కనబడును.

ఇంక 'ఎరిగియుండి' యను మాట. వాక్యపు బరువంతయు దీనిమీదనే నిలిచియున్నది. నష్టము కలుగునని యెరుగకయే చేసినవాడు నేరస్థుడు కాడు. న్యాయమే. కాని ఈ యెరుక పుట్టుట యెక్కడ? కర్మాగారపు కార్యదర్శి న్యాయస్థానమున నిలిచి, 'మాకు పంపిన నివేదికలలో నంతయు సవ్యముగనే యుండెను' అనును. అతనికి తెలిసినదని చూపవలసిన భారము అభియోగము తెచ్చినవారిమీద పడును. మేము పిల్లలకు వాక్యమునందు కర్త యేది, కర్మ యేది, క్రియ యేది యని చెప్పుట వృత్తిగా గలవారము. ఈ వాక్యమును నల్లబల్లమీద వ్రాసి చూచినచో కర్త కలడు, చెరచువాడు, కర్మ కలదు, ప్రకృతి, క్రియయు కలదు. ఎవడు చూచి చెప్పగా కర్తకు తెలిసినదో ఆతడు లేడు. మీమాంసకులు ప్రతివిధికిని అధికారి యెవడని ప్రశ్నింతురు. అధికారి లేని విధి యెంత సుందరమైనను ఫలింపదని వారి సిద్ధాంతము. ఈ విధికి అధికారి యెవడు? మా సమాధానము సూటియైనది: గ్రామపంచాయతి, పట్టణములందు పురపాలకసంఘము. చెప్పుట సులభమే, దీనిని ఒక నిజమైన వ్యవహారమునందు పెట్టి చూడవలెను.

కేరళదేశమున పాలక్కాడు జిల్లా చిత్తూరు తాలూకాలో పెరుమాట్టి యను గ్రామపంచాయతి కలదు. అందు ప్లాచిమడ యను పల్లె. ఆ ప్రాంతమున ఎరవాలర్, మలసర్ అను ఆదివాసులు కూలిపనులు చేసికొని జీవింతురు. 2000వ సంవత్సరమున అచ్చట 34 ఎకరముల నేలలో హిందుస్థాన్ కోకాకోలా కంపెనీవారు శీతలపానీయముల కర్మాగారమును స్థాపించిరి. అనుమతి నిచ్చినది ఆ పంచాయతియే, ఇది మరువదగదు. గొట్టపుబావులతో భూగర్భజలమును తోడి యంత్రములు నడపిరి. రెండేండ్లు తిరుగకమునుపే చుట్టుప్రక్కల బావులు తగ్గెను. మిగిలిన నీరు త్రాగుటకును వంటకును పనికిరాకుండపోయెనని స్త్రీలు మొరపెట్టిరి. 2002 ఏప్రిలు 22న ఆదివాసులు కర్మాగారపు గవనికెదుట కూర్చుండిరి. వారికి ముందు నిలిచినది మయిలమ్మ యను ఎరవాలర్ స్త్రీ. ఆమె 2007లో కాలధర్మము నొందినది. చదువు లేని యీ స్త్రీ బావినీటిని గూర్చి చెప్పినదానిని తరువాత శాస్త్రజ్ఞులు తమ భాషలో మరల చెప్పవలసివచ్చెను.

2003 ఏప్రిలులో పంచాయతి సమావేశమై కంపెనీ అనుమతిని పునరుద్ధరింపరాదని తీర్మానించెను. ఆ కంపెనీవలన వచ్చు పన్ను పంచాయతి యాదాయమున చెప్పుకొనదగిన భాగము. వచ్చుచున్న సొమ్మును వదలుకొని నీటి పక్షమున నిలిచిన స్థానికసంఘములను మనము వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. అదే సంవత్సరము జూలైలో బి.బి.సి. వారు కర్మాగారపు మడ్డిని పరీక్ష చేయించి అందు కాడ్మియము, సీసము కలవని ప్రకటించిరి. ఆ మడ్డినే రైతులకు ఎరువుగా పంచిపెట్టియుండిరి!

వ్యవహారము కేరళ ఉన్నతన్యాయస్థానమున కెక్కినది. అచ్చట వెలువడిన రెండు తీర్పులను ప్రక్కప్రక్కన పెట్టి చదువుట మంచి విద్య. మొదటిది 2003 డిసెంబరు 16వ తేదీది. వ్రాసినవారు న్యాయమూర్తి బాలకృష్ణన్ నాయరుగారు. భూగర్భజలము ప్రజలందరి సొత్తు. ప్రభుత్వమును పంచాయతియు దానికి ధర్మకర్తలు. నేల తనదైనంతమాత్రమున క్రింది నీటినంతటిని తోడుకొనుటకు ఎవనికిని హక్కు లేదు. 34 ఎకరముల ఆసామి తన సేద్యమునకును గృహమునకును వాడుకొనగలిగినంతయే కంపెనీకిని చెల్లును. ఇది దాని సారము. ఈ తీర్పున పంచాయతి ధర్మకర్తగా కనబడుచున్నది.

రెండవది 2005 ఏప్రిలు 7వ తేదీది, ఇద్దరు న్యాయమూర్తుల పీఠమిచ్చినది. భూస్వామి తన నేలలోని నీటిని తోడుకొనుటను ఏ చట్టమును నిషేధింపనపుడు ఆ హక్కును కాదనరాదని వీరి యభిప్రాయము. శాస్త్రీయపరిశీలన లేక పంచాయతి అనుమతిని నిరాకరించుట చెల్లదనిరి. నిపుణుల నివేదిక ననుసరించి, వానలు సరిగా కురిసిన సంవత్సరములందు దినమునకు 5 లక్షల లీటర్లు తోడుకొనవచ్చునని తేల్చిరి. అనుమతిని పునరుద్ధరింపుడని పంచాయతిని ఆదేశించిరి. ఈ తీర్పున పంచాయతి ముద్ర వేయు గుమాస్తాగా కనబడుచున్నది.

రెండవ తీర్పును తేలికగా త్రోసివేయుటకు వీలులేదు. న్యాయమూర్తులు వదంతులమీద తీర్పు చెప్పరాదు గదా! ఊరివారు కోపించినంతమాత్రమున కర్మాగారములు మూతపడుచుండినచో అన్యాయముగ మూతపడునవియు నుండును. శాస్త్రమును అడుగుట దోషము కాదు. ఎవరిని అడిగిరన్నదియే మా ఆక్షేపణము. ప్రయోగశాల లేని, జలశాస్త్రవేత్త లేని, ఒక కార్యదర్శియు కొందరు గుమాస్తాలును మాత్రముగల పంచాయతిని శాస్త్రము తెమ్మనుట, కాలు విరిగినవానిని నడచి వైద్యుని పిలుచుకొనిరమ్మనుట. శాస్త్రమును కొనగల స్తోమత ఎవరికి కలదో, నీటిని తోడి లాభము గడించుచున్నదెవరో వారినే కదా ముందుగా అడుగవలసినది!

ఇది మేము కల్పించిన నియమము కాదు. హైదరాబాదువారికి త్రాగునీరిచ్చిన హిమాయత్‌సాగరు, ఉస్మాన్‌సాగరు చెరువుల చేరువ నూనెల కర్మాగారమును పెట్టదలచినవారి వ్యవహారమున, 1999 జనవరిలో భారత సర్వోన్నతన్యాయస్థాన మిచ్చిన తీర్పున నీ నియమమే కలదు. దానిని వ్రాసినవారు మన తెలుగువారగు జగన్నాథరావుగారు. శాస్త్రము సందేహించుచున్నచోట ముందుజాగ్రత్తయే ధర్మమనియు, తన పనివలన హాని లేదని నిరూపించు భారము ఆ పనిని తలపెట్టినవానిదే గాని దానివలన భయపడువారిది కాదనియు ఆ తీర్పు విశదపరచినది. ఆరేండ్లకు కేరళమున పెరుమాట్టి పంచాయతి విషయమున నీ భారము తలక్రిందులైనది.

కర్మాగారము మాత్రము 2004 మార్చిలోనే ఆగిపోయినది, మరల తెరువలేదు. ఆ ఫిబ్రవరిలో కరువు కారణముగ ప్రభుత్వము భూగర్భజలము తోడుటను నిషేధించియుండెను. 2005 ఆగస్టులో కాలుష్యనియంత్రణమండలి కాడ్మియమును చూపి పని నిలుపవలసినదని ఉత్తరువిచ్చెను. 2017 జూలైలో, అచ్చట మరల ఉత్పత్తి చేయు తలంపు తమకు లేదని కంపెనీవారు సర్వోన్నతన్యాయస్థానమునకు విన్నవించుకొనగా వ్యాజ్యము ముగిసినది. పంచాయతికి అట్టి యధికారము కలదా లేదా యను మూలప్రశ్నకు సమాధానము రానేలేదు.

ఇప్పుడు పండ్రెండుగురి వాక్యమును తెచ్చి దీనిమీద పెట్టుదము. నష్టము తీవ్రమా? ఊరికి త్రాగునీరు పోయినది. దీర్ఘకాలమా? నేలలో చేరిన కాడ్మియము ఎరువువలె ఆవిరియై పోవునది కాదు. 'ఎరిగియుండి' యను మాట మిగిలినది. 2000వ సంవత్సరమున కంపెనీవారి కేమి తెలియునో మనము చెప్పజాలము. 2003 ఏప్రిలునుండి మాత్రము తెలియలేదనుటకు వీలులేదు. ఏలయన, రాజ్యాంగముచేత నేర్పడిన యొక స్థానికప్రభుత్వము, తేదీ వేసి, తీర్మానముచేసి, వ్రాతమూలముగ తెలియజేసినది. నేరశాసనము వెదకుచున్న యెరుక ఆ తీర్మానపు కాగితమే. అంతకుముందు జరిగినదానిని అజ్ఞాన మనుకొన్నను, ఆ తరువాత తోడిన ప్రతి బిందెయు తెలిసి తోడినదే. ప్రకృతిహత్యను గూర్చిన చట్టమెక్కడ వ్రాసినను, స్థానికసంఘపు తీర్మానము అందినదినమునుండి ఎరుక కలిగినట్లే భావింపవలెనను నొక్క వాక్యము చేర్చినచో, అది వేయి నిపుణనివేదికలకంటె నెక్కువ పని చేయును.

దీనికి గట్టి ఆక్షేపణ యొకటి కలదు. మా మిత్రులలోనే పలువురు దీనిని చెప్పుదురు. పంచాయతులు పవిత్రములా? ఇసుక అమ్ముకొనువారు, చెరువుశిఖమును ఇండ్లస్థలములుగ కోసి పంచువారు, కంపెనీ కట్టించిన కళ్యాణమండపమునకు మురిసి మురికికాలువను చూడనివారు అందు లేరా? పట్టణములందు పురపాలకసంఘములే ఊరి మురుగును శుద్ధిచేయక నదులలో వదలుచున్నవి. దొంగచేతికి తాళము లిత్తురా?

ఈ యాక్షేపణలోని నిజమును కాదనము. దీనికి సమాధానము కూడ మన న్యాయచరిత్రలోనే యున్నది. మధ్యప్రదేశమున రత్లాము పట్టణమునందొక పేటవారు, తెరచియున్న మురికికాలువలతోను, సారాయి కర్మాగారమునుండి వచ్చు దుర్గంధజలముతోను వేగలేక, తమ పురపాలకసంఘముమీదనే మేజిస్ట్రేటునొద్ద ఫిర్యాదు చేసిరి. పురపాలకసంఘము తనయొద్ద ద్రవ్యము లేదని వాదించెను. 1980లో సర్వోన్నతన్యాయస్థానమున కృష్ణయ్యరుగారును, తెలుగువారైన చిన్నపరెడ్డిగారును ఈ వాదమును త్రోసివేసిరి. ద్రవ్యము లేదనుట సాకు కాజాలదనియు, గడువులోపల పని చేయని పురపాలకాధికారులు స్వయముగ శిక్షార్హులు కావచ్చుననియు చెప్పిరి. అనగా స్థానికసంఘమునకు నేరమును చాటు అధికారముతోపాటు నేరస్థానమున నిలుచు బాధ్యతయు కలదు. నిద్రించిన నీరుగంటిని ఊరు దండించునుగాని, నీరుగంటి పనినే తీసివేయదు.

ఇంకొకటి. మేము పంచాయతి యనినపుడు సర్పంచుగారిని, ఆయన చుట్టు మూగువారిని మాత్రమే తలచుటలేదు, గ్రామసభను తలచుచున్నాము. 2013లో ఒడిషాయందు నియమగిరి కొండలలో బాక్సైటు త్రవ్వవచ్చునా యను ప్రశ్నను సర్వోన్నతన్యాయస్థానము గ్రామసభలకే విడిచెను. డోంగ్రియా కోందులు మొదలగువారుగల 12 గ్రామసభలు కూడినవి. పండ్రెండును వలదన్నవి. పెద్ద కంపెనీయు, ప్రభుత్వమును ఎదుట నున్నను ఒక్క సభయైనను లొంగలేదు. నలుగురు సభ్యులను లోబరచుకొనుట సులభము; ఊరినంతటిని బహిరంగమున లోబరచుకొనుట కష్టము. ఆ సభలలో స్త్రీలు మాటలాడినచో మరియు కష్టము. నీరు మోయువారు వారే గనుక నీటి లెక్క వారికి తెలిసినట్లు పురుషులకు తెలియదు.

ఇట్లుండగా మన దేశపు చట్టములు నేడు పోవుచున్న దారి యేది? 1986 నాటి పర్యావరణరక్షణచట్టము క్రింద సామాన్యుడు ఫిర్యాదు తేవలెనన్నచో, ముందుగా ప్రభుత్వమునకు 60 దినముల నోటీసు ఈయవలెను. విషము కాలువలో పారుచుండగా రెండు నెలలు వేచియుండుమనుట! ఇది పాత లోపము. క్రొత్తది దీనికంటె వింతయైనది. లోకమున ఇతరదేశములు ప్రకృతినాశమును ఘోరనేరముల పట్టికలో చేర్చుటకు తర్కించుచుండగా, మనవారు 2023లో జనవిశ్వాసచట్టమను పేర ఆ 1986 చట్టమునందలి కారాగారశిక్షను తీసివేసి, 10 వేల రూపాయలు మొదలు 15 లక్షలవరకు జరిమానా పెట్టిరి. ఆ జరిమానాను చెల్లింపనివానికే యిక కారాగారభయము. 2024లో జలకాలుష్యచట్టమును కూడ చాలమట్టున కిట్లే సవరించిరి. జరిమానాలను నిర్ణయించు అధికారము ప్రభుత్వకార్యదర్శుల స్థాయిలోని ఉద్యోగులకు దక్కినది. పంచాయతి పేరు అందెచ్చటను లేదు. పెద్ద కర్మాగారమునకు 15 లక్షలు శిక్షయా, వ్యయమా? వ్యాపారుల లెక్కపుస్తకములు చూచినవారు చెప్పగలరు. పాతచట్టమున ఖైదు కాగితముమీదనే యుండెననియు, శిక్షపడినవారు అరుదనియు సమర్థకులు చెప్పుదురు. శిక్ష పడకపోవుటకు సాక్ష్యము లేకపోవుట యొక కారణము. సాక్ష్యము లేకపోవుటకు మొదట చూచినవారి మాటకు విలువ లేకపోవుట కారణము. మూలమున నీరుపోయక, చెట్టు కాయలేదని నరికిరి.

మన తెలుగుసీమలో దీనికి దృష్టాంతము వెదకనక్కరలేదు. హైదరాబాదునకు చేరువ పటాన్‌చెరువు, దాని దిగువ నక్కవాగు. ఔషధ కర్మాగారముల వ్యర్థజలముచేత తమ పొలములును బావులును పాడైనవని అచ్చటి రైతుల పక్షమున 1990లోనే సర్వోన్నతన్యాయస్థానమునకు మొర చేరినది. పదునేడేండ్ల తరువాత 2007లో స్వీడను పరిశోధకులు, సుమారు 90 ఔషధ కర్మాగారముల నీటిని శుద్ధిచేయు అచ్చటి కేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షించి చూడగా, శుద్ధియైనదనుకొన్న ఆ నీట సిప్రోఫ్లాక్ససిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాములవరకు కనబడినది. ఆ మందు మ్రింగిన రోగి రక్తమున నుండుదానికంటె నిది యెక్కువ. ఈ సంగతి ప్రపంచమంతట చర్చనీయాంశమైనది. వాగులో చేపలు చచ్చుచున్నవని గొల్లవారును రైతులును చెప్పినపుడు కలుగని యెరుక, స్వీడనునుండి వచ్చిన కాగితమువలన కలిగినది. శాస్త్రజ్ఞుల శ్రమను మేము తక్కువచేయుటలేదు. వారు లేకున్న మందు పేరు తెలియదు. కాని నడుమ గడచిన ఆ పదునేడేండ్లను ఏ చట్టము లెక్కించును?

కావున మేము కోరునది పంచాయతిని న్యాయాధిపతిని చేయుమని కాదు. తగవులు తీర్చుటకు న్యాయస్థానములు కలవు. చూచుట, వ్రాసిపెట్టుట, చాటుట, విచారణ ముగియువరకు పనిని నిలుపుట, ఈ నాలుగు పనులును పంచాయతికి ఈయవలెను. గ్రామసభ తీర్మానము చేసిన వారములోపల కాలుష్యమండలివారు వచ్చి ఊరివారి యెదుట నీటిని సీసాలలో పట్టి ముద్రవేసి, ఒక సీసాను పంచాయతియొద్దనే యుంచవలెను. హాని లేదని చూపు భారము కర్మాగారమునది కావలెను. 60 దినముల నోటీసు గ్రామసభకు వర్తింపరాదు. తన కాలువలోనే విషము పారుచుండగా పంచాయతి నోరు మెదపనిచో, రత్లాము తీర్పున చెప్పినట్లు దాని పెద్దలు బోనెక్కవలెను. వసూలైన జరిమానా పంచాయతి ఖజానాకు పోరాదు. బావి శుద్ధికే పోవలెను. లేనిచో అపరాధము జరిగినకొలది సంతోషించు పంచాయతులు పుట్టును.

మన దేశమున 2,50,000కు పైగా గ్రామపంచాయతులు కలవు. 1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగసవరణము వానికి 29 విషయములను అప్పగింపవచ్చునన్నది. అందు త్రాగునీరు, చిన్ననీటిపారుదల, సాంఘికవనములు కలవు. నీటిని సరఫరాచేయు బాధ్యత నిచ్చి, నీటిని చెరచువానిని అడ్డు అధికారము సందేహమున నుంచిరి.

ప్లాచిమడ కథకు మిగిలిన భాగము జమాఖర్చులది. 2010లో కేరళప్రభుత్వము నియమించిన సంఘము అచ్చటి నష్టమును 216.26 కోట్ల రూపాయలుగ లెక్కకట్టినది. ఆ సొమ్మును రాబట్టుటకు ప్రత్యేక న్యాయస్థానము నేర్పరచు బిల్లును 2011 ఫిబ్రవరిలో కేరళ శాసనసభ యంగీకరించినది. అది రాష్ట్రపతి సమ్మతికై ఢిల్లీకి పోయి సమ్మతి లేకయే మరలివచ్చినది.  

చదువరులలో గ్రామసభకు పోవు అలవాటుగలవారు కొలదిమందియే యుందురు. పోయినవారును పింఛనుల పట్టిక చదువగనే లేచివత్తురు. ఈసారి కొంతసేపు కూర్చుండి, తీర్మానపు పుస్తకమున మీ యూరి నీటిని గూర్చి యొక పుట వ్రాయింపుడు. ఏ బావి, ఏ వీధి. నిరుడు వేసవిలో ఎన్ని బారల లోతున నీరుండెను, ఈ వేసవిలో ఎన్ని బారల లోతున నున్నది. రంగు ఎప్పుడు మారినది, వాసన ఎప్పటినుండి. ఎగువ నేమున్నది, దానికి అనుమతి నెవరు, ఏ తేదీన ఇచ్చిరి. వ్రాయువారు కార్యదర్శి, చెప్పువారు నీరు తోడు స్త్రీలు కావలెను. ప్రతినకలును కర్మాగారమునకును, మండలికిని రిజిష్టరు టపాలో పంపి, రసీదును పుస్తకముననే అంటింపుడు.